పరికరం గారి వంతెన

మా కొండదారుల నిర్మాణ శాఖలో కొండ ఎక్కినవాళ్ళు తక్కువ, దారి వేసినవాళ్ళు ఇంకా తక్కువ. అంతమాత్రాన మేం నిర్మాణం మానేశామని ఎవరూ అనుకోకూడదు. ప్రధాన కార్యాలయానికి ఏటా ఒక గదైనా కలుస్తూనే ఉంటుంది. నేను ఆ శాఖలో సర్వేయర్ని. పేరు త్రినాథరావు. ఇక్కడ చెప్పబోయేదంతా శాఖ ప్రతిష్ఠను పెంచేదే కాబట్టి ఏదీ దాచకుండా చెబుతాను.

పోయిన వేసవిలో రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఎక్కడ వంతెన కావాలన్నా సర్వేయరు ఆ చోటికి స్వయంగా వెళ్ళాలి. అక్కడ నిలబడే ప్రభుత్వ కంప్యూటరులోని యాప్‌లో వివరాలు నింపాలి. అక్కడే ఫొటో తీసి అక్కడే బటన్ నొక్కాలి. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని నొక్కితే యాప్ ఒప్పుకోదు. మేం ఎక్కడున్నామో దానికి తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ ఆఫీసులోనే కూర్చుని కొండలన్నీ కొలిచేసిన మా వాళ్ళకి ఇది పిడుగుపాటే అయింది.

ఉత్తర్వు మంచిదే. మా కంప్యూటర్లే మంచివి కావు. ఒకటి ఘాట్ రోడ్డు మధ్యలో జీపు కుదుపులకి ప్రాణం విడిచింది. రెండోది పొగమంచుకి తడిసి తెర మీద చారలు తప్ప ఇంకేమీ చూపించడం మానేసింది. మూడోదాన్ని ఎండలో తెరిస్తే తెర మీద నా మొహం తప్ప మరేమీ కనపడేది కాదు. నా మొహానికి వంతెన మంజూరు చేయమని అడగలేం కదా.

అప్పుడే నేరెడుపుట్టు నుంచి వంతల సుకురమ్మ మా ఆఫీసుకి వచ్చింది. నేరెడుపుట్టు గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతలున్న చిన్న ఊరు. ఎండాకాలం రాళ్ళ మీద అడుగులేసుకుంటూ గెడ్డ దాటేస్తారు. వానలు దిగాయంటే ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే. అంతకు ముందటేడు శ్రావణంలో సుకురమ్మ కోడలు చిలకమ్మకి నొప్పులొస్తే డోలీ కట్టి గెడ్డ దాకా మోసుకొచ్చారు. నీళ్ళు తగ్గుతాయేమోనని ఒడ్డున కూర్చున్నారు. నీళ్ళు తగ్గలేదు, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు చిలకమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారీ నెలలు నిండేది శ్రావణానికే.

"వానలు దిగకుండా ఒక్క వొంతెన ఏసీయండి బావూ" అంది సుకురమ్మ. "పెద్దది ఒద్దు. డోలీ మోసుకుని ఇద్దరు మనుసులు ఎల్లే అంతుంటే సాలు."

ఆవిడ మొహం చూస్తే ఆ పూటే కొండ ఎక్కేయాలనిపించింది. కానీ కొలతకి కంప్యూటరు కావాలి. కంప్యూటరేమో కొండకి తట్టుకోవాలి. నేను పోయి ఆ ముక్క మా డైరెక్టరు కొల్లూరి సదానందం గారికి చెప్పాను.

సదానందం గారు ఏదైనా మొదలుపెట్టారంటే దాన్ని పూర్తిచేసేదాకా నిద్రపోరు. పూర్తయ్యేదాకా మెలకువగా ఉన్నట్టూ దాఖలాలు లేవు. నా మాట విని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"త్రినాథరావూ, సమస్య యొక్క మూలము నాకు అవగతమైనది. మనము ఇంతవరకు పట్టణవాస పరికరములతో అరణ్యవాసము చేయించుచున్నాము. ఇకపై దృఢ పరికరమును సమకూర్చుకొనవలెను. అది కిందపడినను పగలరాదు. నీట మునిగినను చెడరాదు. గుడారములో ఉన్నను, జీపులో ఉన్నను, జీపు కింద ఉన్నను పనిచేయవలెను. ఎంపిక సంఘమును తక్షణమే వేయుము."

సంఘం వేశాం. అధ్యక్షులు డైరెక్టరు గారే. కార్యదర్శి మా స్టోర్సు అధికారి ముక్కామల పరాంకుశం గారు. ఈ పరాంకుశం గారి గురించి ఒక్క మాట చెప్పాలి. స్టోరులోకి వచ్చిన వస్తువు మళ్ళీ బయటికి పోతుంటే ఆయనకి ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు కళ్ళనీళ్ళు తిరుగుతాయి. అందుకని ఆయన సాధారణంగా ఏదీ పంపరు.

మూడు కంపెనీలు మూడు కంప్యూటర్లు తెచ్చాయి. వాటికి పరీక్షలు మా ఆఫీసు ఆవరణలోనే జరిగాయి.

మొదటిది పడవేత పరీక్ష. మనిషి ఎత్తు నుంచి కింద పడేస్తే పగలకూడదని నిబంధన. ఏ మనిషి ఎత్తు అన్న దగ్గర సంఘం ఆగిపోయింది. డైరెక్టరు గారు కాస్త పొట్టి. ఆయనకంటే ఎత్తయిన మనిషిని కొలమానంగా తీసుకోవడం మర్యాద కాదని పరాంకుశం గారు అన్నారు. అలాగని ఆయన ఎత్తే తీసుకుంటే పరీక్ష మరీ తేలికైపోతుంది. చివరికి డైరెక్టరు గారిని కుర్చీ మీద నిలబెట్టి ఆ ఎత్తు ఖాయం చేశారు. పదవితో కలిపి కొలిస్తే అదే ఆయన అసలు ఎత్తని పరాంకుశం గారు సమర్థించారు. అందరికీ నచ్చింది.

మొదటి కంపెనీ కంప్యూటరు అప్పడంలా పల్చగా, చూడముచ్చటగా ఉంది. పడ్డప్పుడూ అప్పడంలాగే విరిగింది. రెండోది పడ్డా బతికింది గానీ బకెట్లో ముంచి తీశాక దాని గొంతులోంచి బుడగలొచ్చాయి. మూడోది అసలు కంప్యూటరులాగే లేదు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెకి పిడి పెట్టినట్టు ఉంది. మూలలకి రబ్బరు తొడుగులు, తీగలు పెట్టే ప్రతి కన్నానికీ గట్టి మూత. లోపల ఫ్యాను లేదు కాబట్టి దుమ్ము పీల్చదట. జీపు బ్యాటరీతో ఛార్జి చేసుకోవచ్చు. ఎండలోనూ తెర మీద అక్షరాలు కనపడతాయి. చేతికి తొడుగులున్నా, వేళ్ళు తడిగా ఉన్నా మాట వింటుందని కంపెనీ మనిషి చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా దాన్ని మేడ మీద నుంచి మెట్ల మీదుగా దొర్లించాడు. అది అన్ని మెట్లూ దిగొచ్చి గుమ్మం దగ్గర ఆగింది. తెరిచి చూస్తే అందులో పాట మోగుతోంది.

దుమ్ము పరీక్షకి మంచి దుమ్ము కావాలి. అంత మేలైన దుమ్ము మా రికార్డు గదిలో తప్ప జిల్లాలో మరెక్కడా దొరకదు. అక్కడ పాత ఫైళ్ళ కింద దాన్ని పూడ్చి పెట్టాం. మర్నాడు మేం దాన్ని వెతికి తీసేసరికి మాకే ఆయాసం వచ్చింది, దానికి రాలేదు. జీపుతో తొక్కించాం. మూత మీద టైరు మరక పడింది గానీ తెర పగల్లేదు. ఇక నీళ్ళ పరీక్ష. డైరెక్టరు గారు స్వహస్తాలతో దాన్ని నీళ్ళ తొట్టెలో ముంచి పట్టుకున్నారు.

అదే సమయానికి సుకురమ్మ తన పని ఎంత వరకు వచ్చిందో కనుక్కుందామని మళ్ళీ వచ్చింది. తొట్టె చుట్టూ మూగిన ఆఫీసర్లను చూసి నా పక్కకి చేరింది.

"ఏటి బావూ, పెట్టికి ఈత నేర్పుతన్నారా?"

"మీ గెడ్డ దాటడానికే సుకురమ్మా."

"మా గెడ్డ దాటడానికి పెట్టికి ఈత ఎందుకు, మాకు వొంతెన గావాల గానీ?"

"ముందు పెట్టి రావాలి. తరవాత కొలత. ఆ తరవాత వంతెన."

ఆవిడ తలెత్తి ఆకాశం చూసింది. "అయితే తొరగా నేర్పండి. ఇప్పటికే మబ్బులు కనపడతన్నాయి" అని వెళ్ళిపోయింది.

మూడో కంప్యూటరే గెలిచిందని సంఘం తీర్మానించింది. శాఖలో ఇంత దృఢమైన వస్తువు మరొకటి లేదని డైరెక్టరు గారు ప్రకటించారు. శాఖ దాన్ని కొన్నది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు మూలలా నిమ్మకాయలు తొక్కించాం. ఆ రోజు నుంచి దాన్ని కంప్యూటరు అనడం మానేసి 'పరికరం' అన్నాం. వారం తిరక్కుండా 'పరికరం గారు' అయింది. ఎందుకంటే అంత ఖరీదైన వస్తువుని ఏకవచనంలో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇక ఎప్పుడు బయల్దేరమంటారని నేను పరాంకుశం గారిని అడిగాను. ఆయన నన్ను పసిపిల్లని పాము దగ్గరికి పంపమన్నవాడిని చూసినట్టు చూశారు.

"ఎక్కడికయ్యా?"

"కొండకండీ. నేరెడుపుట్టుకి."

"కొండకా! అక్కడ వాన ఉండును. బురద ఉండును. రాళ్ళు ఉండును. కింద పడినచో?"

"కింద పడితే పగలనిదే కదండీ మనం ఏరికోరి కొన్నది? మీ ఎదురుగానే మేడ మీంచి దొర్లించారు."

"అప్పుడది కంపెనీవారి సొత్తు. ఇప్పుడు ప్రభుత్వ సొత్తు. రెంటికీ తేడా తెలియదా?" అన్నారాయన. "ఇంత దృఢమైన పరికరము ఈ శాఖ చరిత్రలోనే లేదు. దృఢమైనది కాబట్టి ఖరీదైనది. ఖరీదైనది కాబట్టి విలువైన సామగ్రి వర్గములోకి వచ్చును. విలువైన సామగ్రి తారు రోడ్డు దాటి పోరాదని నిబంధన. అదేమైనా మామూలు పరికరమైతే ఈపాటికి పంపియుండెడివాడనే."

ఈ లెక్కన తారు రోడ్డు లేని చోట వాడటానికి కొన్న పరికరం తారు రోడ్డు దిగకూడదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆఫీసు మర్యాద ప్రకారం రెండూ మానేసి తలాడించాను.

పరాంకుశం గారు అంతటితో ఊరుకోలేదు. తెర మీద కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ పొరని తీయనివ్వలేదు. కొత్తదనం పోతుందట. దాని మీద మరో కవరు, కవరు మీద దూది పెట్టి కుట్టిన సంచి, సంచికి జిప్పు, జిప్పుకి తాళం. ఆ మొత్తాన్ని ఏసీ గదిలో బీరువాలో పెట్టారు. మేం ఫ్యాను కింద చెమటలు కక్కుతూ పనిచేస్తుంటే, యాభై డిగ్రీల ఎండకి తట్టుకుంటుందని కంపెనీ రాసిచ్చిన పరికరం గారు పక్కగదిలో చల్లగా పడుకునేవారు.

చినుకులు మొదలయ్యాయి. నేను రోజూ డైరెక్టరు గారి గది ముందు నిలబడ్డాను. చివరికి ఆయనకి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది.

"పరికరము కొండకు పోజాలదు. అయినచో కొండయే పరికరము వద్దకు రావలెను."

ఆవరణలో మోటారు సైకిళ్ళ షెడ్డు పీకేసి అక్కడ గ్రావెల్ దిమ్మరించి కొండ కట్టారు. ట్యాంకరుతో నీళ్ళు పోసి గెడ్డ పారించారు. నర్సరీ నుంచి కుండీల్లో అడవిని తెప్పించారు. దీనికి కృత్రిమ క్షేత్రం అని పేరు పెట్టి బోర్డు తగిలించారు. గెడ్డ ఒడ్డున గుడారం వేసి డైరెక్టరు గారు టోపీ, బూట్లతో ఒక పూట అందులో విడిది చేశారు. క్యాంటీను నుంచి ఆయనకి క్యారేజీ వెళ్ళింది. పరికరం గారిని బల్ల మీద, పట్టుబట్ట మీద కూర్చోబెట్టాం. నేను కుండీల మధ్య నిలబడి వివరాలు నింపి బటన్ నొక్కాను.

'మీరు గెడ్డ దగ్గర లేరు' అంది యాప్.

డైరెక్టరు గారికి రోషం వచ్చింది. "ఇది గెడ్డ కాదనుటకు అదెవరు? ట్యాంకరును ఇంకొకటి తెప్పించుము." ఇంకొకటి తెప్పించాం. నీళ్ళు స్టోరులోకి వెళ్ళాయి గానీ యాప్ మనసు కరగలేదు. అసలు గెడ్డనే కాస్త ఆఫీసు వైపు జరిగినట్టు యాప్‌లో మార్చే వీలుందా అని రాజధానికి రాశారు. నదీనదాలను జరిపే అధికారం తమ విభాగానికి లేదని, దానికి వేరే శాఖను సంప్రదించమని జవాబొచ్చింది. వేరే శాఖ ఉందన్న సంగతి చూసి డైరెక్టరు గారికి మళ్ళీ ఆశ పుట్టింది. ఆ ఆశ వదిలించడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

"అయ్యా, చిలకమ్మకి నెలలు నిండుతున్నాయి. వానలు ముదిరితే ఇక మనం కూడా దాటలేం" అని తెగించి అడిగేశాను.

డైరెక్టరు గారు పరాంకుశం గారి వైపు చూశారు. పరాంకుశం గారు నిబంధనల పుస్తకం వైపు చూశారు. అందులో ఒక దారి దొరికింది. విలువైన సామగ్రిని జలప్రవాహం దాటించక తప్పనప్పుడు, ముందుగా దానికి సురక్షితమైన మార్గం ఏర్పాటు చేసి దాటించవచ్చునని ఉంది.

"అంటే?" అన్నాను.

"అంటే ఏమున్నదయ్యా? పరికరము గారు గెడ్డ దాటుటకు ఒక వంతెన కట్టవలెను."

వంతెన వేశారు. నేను చెప్పేది అబద్ధం కాదు. మనుషులు ఏళ్ళ తరబడి అడిగితే కదలని ఫైలు పరికరం గారి పేరు చెప్పగానే లేచి పరుగెత్తింది. ఆ వారంలోనే ఇనుప తాళ్ళు వచ్చాయి, చెక్కలు వచ్చాయి, మేస్త్రీలు వచ్చారు. గెడ్డ మీద చక్కటి వేలాడే వంతెన లేచింది. డోలీ మోసుకుని ఇద్దరు మనుషులు సుఖంగా నడవగలిగేంత వెడల్పుంది. దానికి ఒక బోర్డు: 'పరికరము రాకపోకలకు మాత్రమే. ఇతరులు ఎక్కరాదు.' కాపలాకి సింహాచలం అనే కుర్రాణ్ణి కాంట్రాక్టు మీద వేశారు. కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి నిబంధన అంటే వాడికి ప్రాణం.

పరికరం గారు బయల్దేరారు. జీపులో ముందు సీటు వారిదే. బెల్టు కట్టాం. నేను వెనక అదనపు టైర్ల మధ్య కూర్చున్నాను. తారు రోడ్డు అయిపోయిన చోట వారిని పల్లకీ లాంటి పెట్టెలో పెట్టి నలుగురు మోశారు. వంతెన మీద నడుస్తుంటే అవతలి గట్టున ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. డప్పులు కొట్టారు. వాళ్ళు సంబరపడింది వంతెన చూసి. మా డైరెక్టరు గారికి చేరిన కబురు మాత్రం పరికరానికి గిరిజనుల ఘన స్వాగతం అని.

ఊళ్ళో నా పని మొదలుపెట్టాను. తెర మీది ప్లాస్టిక్ పొరని ఒక మూల ఎత్తుకోవడానికి పరాంకుశం గారు లిఖితపూర్వక అనుమతి ఇచ్చి పంపారు. ఆ మూలలోంచే అన్నీ నింపాను. ఊరి పేరు, గెడ్డ వెడల్పు, దాటే జనం. చివరి ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది.

'ఈ స్థలంలో ప్రస్తుతం వంతెన ఉన్నదా? ఫొటో జతచేయండి.'

నేను గెడ్డ వెంట అటు నడిచాను, ఇటు నడిచాను, వంగాను, కూర్చున్నాను. ఎక్కడి నుంచి తీసినా ఫొటోలో వంతెన పడుతోంది. వంతెనకి వీపు తిప్పి తీస్తే 'మీరు గెడ్డను చూపడం లేదు' అంటోంది. చేసేది లేక ఉన్నదని నొక్కాను. పరికరం గారు మెరుపులా పనిచేశారు. జవాబు అప్పుడే వచ్చింది.

'ఈ స్థలంలో వంతెన కలదు. కొత్త వంతెన అవసరం లేదు. మీ దరఖాస్తు ముగిసినది. ధన్యవాదములు.'

అప్పుడు జేబు తడుముకున్నాను. పరాంకుశం గారి ఆజ్ఞ అందులోనే ఉంది. పరికరము ప్రధాన కార్యాలయము చేరిన పిమ్మట వంతెన యొక్క ప్రయోజనము నెరవేరినది కావున, తాళ్ళు, చెక్కలు విప్పి స్టోరుకి జమచేయవలెను. ఆ మాట సుకురమ్మకి చెప్పకుండా కొండ దిగిపోదామని ఒక్క క్షణం అనిపించింది. కానీ చిలకమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని నాకోసం రాగి అంబలి కలుపుతోంది. దిగలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సుకురమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "అంటే ఈ పెట్టి కొండ దిగిపోతే వొంతెన ఇప్పీసుకుంటారు. అంతేనా బావూ?"

"అంతే."

"దిగకపోతే?"

ఆ ప్రశ్న మా శాఖలో ఎవరికీ తట్టలేదు. ఇంతలో వాన దంచికొట్టింది.

"పాపం, ఇంత వానలో దాన్ని ఎలగ తీసుకెల్తావు? జలుబు సేస్తాది" అంది సుకురమ్మ.

నేను వానలో తడుస్తూనే గుట్ట ఎక్కి, సిగ్నలు దొరికే చోట నిలబడి పరాంకుశం గారికి ఫోను చేశాను. వాన కురుస్తోందని, ఏం చేయమంటారని అడిగాను. ఆయన కేక పెట్టారు. "కదపవద్దు! వాన ఉన్నంతకాలము పరికరమును ఆవలి గట్టుననే ఉంచవలెను. నీవును దాని వెంటనే ఉండవలెను. దానిని ఒంటరిగా విడువరాదు." మన్యంలో వాన మొదలైతే ఎన్ని నెలలు ఉంటుందో ఆయన ఎన్నడూ కొండ ఎక్కలేదు కాబట్టి తెలియదు. నేను చెప్పలేదు.

అలా పరికరం గారికి నేరెడుపుట్టులో విడిది ఏర్పడింది. నీరు చొరని గుడారం శాఖ నుంచి వచ్చింది, పరికరం గారికి. నీరు చొరని మంచమూ వచ్చింది, అదీ పరికరం గారికే. నేను సుకురమ్మ అరుగు మీద గోనెసంచి కప్పుకుని పడుకునేవాణ్ణి. నీళ్ళలో ముంచినా చావని వస్తువు గుడారంలో, చినుకు పడితే తుమ్మే మనిషి బయట. ఇందులో తప్పేమీ లేదు. నన్ను ఏ సంఘమూ పరీక్ష చేసి ఎంపిక చేయలేదు కదా.

శ్రావణం వచ్చింది. గెడ్డ ఎర్రగా, ఒడ్డు కోసుకుంటూ పారుతోంది. ఒక మిట్టమధ్యాహ్నం చిలకమ్మకి నొప్పులు మొదలయ్యాయి. డోలీ కట్టారు. నేనూ వెంట పరుగెత్తాను. వంతెన దగ్గర సింహాచలం చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. వాడి కళ్ళల్లోనూ నీళ్ళే.

"నానేటి సేసేది సార్? బోర్డు మీద పరికరానికే అని రాసీసినారు. మనుసుల్ని ఒదిలితే నా ఉజ్జోగం ఊడిపోద్ది. ఇంటికాడ ముసిలోల్లు నా జీతం మీదే బతుకుతన్నారు."

"ఒరే, అవతల ప్రాణం పోతోందిరా!" అని అరిచాను. వాడు అడ్డం తీయలేదు. ఒక్క బూతుమాట నా నోటిదాకా వచ్చింది. అది వాడికి చెందదని మింగేశాను. అది ఎవరికి చెందుతుందో వాళ్ళు ఆ వేళ భోంచేసి కునుకు తీస్తుంటారు.

సుకురమ్మ మాట్లాడకుండా వెనక్కి పరుగెత్తింది. తాళంచెవులు నా మొలతాడు నుంచి ఎప్పుడు లాగిందో నాకు తెలియదు. రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఆవిడ చంకలో పరికరం గారు ఉన్నారు. సంచీ లేదు, కవరు లేదు, తాళం లేదు. వాన దాని మీద ధారకడుతోంది. తీసుకొచ్చి డోలీలో చిలకమ్మ పొట్ట మీద పెట్టింది.

"ఇదిగో పెట్టి దాటుతున్నాది. దాన్ని మోస్తన్నది నా కోడలు. నా కోడల్ని మోస్తన్నోల్లు ఈల్లు. ఇప్పుడు అడ్డు తీయి బాబూ."

సింహాచలం బోర్డు చదివాడు. పరికరం వైపు చూశాడు. మళ్ళీ బోర్డు చదివాడు. ఆ తరవాత పక్కకి తప్పుకుని పరికరం గారికి సెల్యూట్ చేశాడు. చిలకమ్మ నొప్పికి ఆ పిడినే గట్టిగా పట్టుకుంది. డోలీ వంతెన దాటింది. తారు రోడ్డు మీద అంబులెన్సు అందింది. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. నేను బయట బెంచీ మీద పరికరాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. మర్నాడే పరికరాన్ని భుజాన వేసుకుని మళ్ళీ గెడ్డ దాటించేశాను. అది కార్యాలయం చేరలేదు కాబట్టి వంతెనని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచి నేరెడుపుట్టుకి దారి దొరికింది. ఎవరు గెడ్డ దాటాలన్నా గుడారం దగ్గరికి వచ్చి పరికరం గారిని ఎత్తుకుని వెళ్ళేవారు. బడిపిల్లలు వరసగా ఒకరి వెనక ఒకరు, ముందువాడి నెత్తిన పరికరం. సంతకి అల్లం, పసుపు మోసుకెళ్ళే కావిడిలో ఒకవైపు పరికరం. దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నారు, వడగళ్ళలో గొడుగులా నెత్తిన పెట్టుకున్నారు, ఒకసారి ఏకంగా గెడ్డలో జారవిడిచి ఈది పట్టుకొచ్చారు. అది ఏమీ అనలేదు. తెర మీది ప్లాస్టిక్ పొర ఎప్పుడో ఊడిపోయింది. సంఘం ఎంపిక చేసింది మంచి సరుకేనని ఒప్పుకుని తీరాలి.

ఆఫీసులో సంగతి వేరే తీరుగా తెలిసింది. పరికరం ఎక్కడెక్కడ తిరుగుతోందో రాజధానిలో చూస్తారు కదా. తారు రోడ్డు లేని చోట ఇంతగా తిరిగిన ప్రభుత్వ కంప్యూటరు మరొకటి లేదని అక్కడ తేలింది. సదానందం గారిని పిలిచి శాలువా కప్పారు. ఆయన ప్రసంగించారు.

"మా పరికరము దినదినము గెడ్డను దాటుచున్నది. క్షేత్రస్థాయి సేవ అనగా ఇదియే. సరియైన ఎంపిక ఉన్నచో ఏ ప్రవాహమును మనలను ఆపజాలదు."

ఆ గెడ్డ మీద వంతెన కావాలన్న దరఖాస్తు గురించి ఎవరో అడిగారట. అది అవసరం లేదని అదే పరికరం తేల్చిందని ఆయన జవాబిచ్చారట. సభంతా చప్పట్లు కొట్టిందట.

నేను ఆ కబురు చెప్పడానికి సుకురమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ మనవరాలికి నూనె రాస్తోంది. పిల్ల బొద్దుగా, నల్లగా, పిడికిళ్ళు బిగించి ప్రపంచం మీద కోపంగా ఉంది. ఆ కోపం చూస్తే నాకు ముచ్చటేసింది. శాలువా సంగతి విని సుకురమ్మ నవ్వింది. తరవాత నవ్వు ఆపేసి పరికరం వైపు తల తిప్పింది.

"బావూ, ఈ పెట్టి ఎన్నాల్లు బతుకుద్ది?"

"కంపెనీవాళ్ళు మూడేళ్ళకి హామీ ఇచ్చారు సుకురమ్మా. ఈలోగా ఏం పాడైనా వాళ్ళే బాగుచేసిస్తారు."

ఆవిడ నూనె చేతిని పిల్ల పొట్ట మీద అలాగే ఉంచింది.

"పెట్టికి మూడేల్లిచ్చారు. మంచిదే. మరి మా పిల్లకి ఎన్నేల్లిచ్చారు?"

పై అధికారులను అడిగి చెబుతానన్నాను.